హోటల్లో బిల్లు పంచుకుంటున్నాం సరే, కలిసి తింటున్నామా?

పెన్నగట్టు (నెల్లూరు)

మా బ్యాచ్ కాలేజీ వదిలి చాలా ఏళ్లయినా ఎక్కువమందిమి నెల్లూరు చుట్టుపక్కలే ఉండిపోయాం. అప్పుడప్పుడూ ఒక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలిసి తినడం మాకు అలవాటు. ఈ మధ్య అది హోటల్‌కి మారిపోయింది. ఎవరినీ తప్పు పట్టలేం. ఒకరికి పిల్లల కోచింగ్, ఒకరికి డ్యూటీ, ఇంకొకరి అపార్ట్‌మెంట్లో చోటు చాలదు. ఏసీ హాల్లో కూర్చుని ఎవరికి కావాల్సింది వాళ్లు చెప్పుకుంటున్నాం. చివర్లో తలా ఇంత అని లెక్కేసి ఫోన్లో పంపుకుంటున్నాం. తిండి బాగానే ఉంటుంది, కబుర్లూ ఉంటాయి. అయినా ఇంటికొచ్చాక మనసులో ఏదో వెలితి.

ఇంట్లో తిన్నప్పుడు ఎట్లా ఉండేదో చెప్తా. చేపల పులుసు ముందురోజు రాత్రే కాచి పెట్టేవాళ్లం. నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేదు, పులుసు తెల్లారితేనే రుచి. మట్టిచట్టిలో ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, చెదిరిపోతాయి. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. పులుసు చిక్కబడే వేళకి పుల్లమామిడి ముక్కలు పడాలి. మర్నాడు మధ్యాహ్నం హాల్లో పట్టా పరిచి ఎదురెదురుగా కూర్చుంటే ఒకరు వడ్డించేవాళ్లు. తలకాయ ఎవరికి, తోకముక్క ఎవరికి, ముళ్లంటే ఎవరికి భయం, అన్నీ వడ్డించేవాడికి తెలుసు.

మా నాన్న పోయిన కొత్తల్లో నాకు అన్నం సయించేది కాదు. అది నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం మావాడొకడు నా పక్కన కూర్చుని, తన చేత్తోనే ముద్ద కలిపి నా ఆకులో పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేను తిన్నాను.

తల్పగిరి రంగనాథస్వామి గుడి పక్క వీధిలో పెరిగినవాణ్ణి. దేవుడంటే భక్తి ఉన్నవాణ్ణి. ఆ రోజు ఆ ముద్ద తింటుంటే నాకు గర్భగుడి ముందు నిలబడ్డట్టే అనిపించింది. మీలో ఎవరికైనా ఇట్లా అనిపించిందా? హోటల్లో మాకు పోతున్నది ఏంది?

కావలి పిల్ల (ప్రస్తుతం బెంగళూరు)

అన్నా, చదువుతుంటే ఇంటిమీద బెంగ పుట్టింది. ఇక్కడ ఆఫీసు క్యాంటీన్లో పదిమందిమి ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటాం. ఎవరి ట్రే వాళ్లది, ఎవరి ఫోన్ వాళ్లది. ముందు తిన్నవాళ్లు ముందు లేచి వెళ్లిపోతారు. రాత్రి పీజీలో మంచం మీద కూర్చుని ఒక్కదాన్నే తింటా.

కనిగిరి మాస్టారు

పెన్నగట్టు గారూ, మంచి ప్రశ్న వేశారు. మీ ఊరివాడైన తిక్కన గారి దగ్గరే దీనికి జవాబుంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న మహానుభావుడు, విరాటపర్వం నుంచి భారతమంతా తెనిగించాడు. అందులో ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు రాయబారానికి హస్తినాపురం వస్తాడు. దుర్యోధనుడు భోజనానికి పిలుస్తాడు. కృష్ణుడు ఒప్పుకోడు. ఎందుకు రావని అడిగితే ఆయన చెప్పిన కారణం చూడండి: మనిషి ఇంకొకరి ఇంట్లో తినేది ప్రేమ ఉంటే తింటాడు, లేదా తిండి దొరకని ఆపదలో తింటాడు. నీకు నా మీద ప్రేమ లేదు, నాకు ఆపదా లేదు. అలా చెప్పి విదురుడి ఇంటికి వెళ్లి భోంచేశాడు.

దుర్యోధనుడి ఇంట్లో పదార్థాలకేం తక్కువ? తక్కువైంది పెట్టే మనసు. మీ హోటల్ బల్ల మీద కూడా పదార్థాలున్నాయి, అవతల స్నేహితులూ ఉన్నారు. కానీ ఒకరు పెట్టడం, ఒకరు తినడం అన్నది లేదు. ఎవరిది వాళ్లు కొనుక్కుని పక్కపక్కన తింటున్నారు.

మా చిన్నప్పుడు పంక్తిలో ఇంకో మర్యాద ఉండేది. ఎంత ఆకలితో ఉన్నా అందరికీ వడ్డన అయ్యేదాకా చెయ్యి పెట్టకూడదు. తిన్నాక పక్కవాడి ఆకులో మెతుకులు అయిపోయేదాకా లేవకూడదు. పంక్తిలో ఒక ముసలాయన నెమ్మదిగా తింటుంటే ఇరవైమంది ఎండిన చేతులతో కూర్చుని ఉండేవాళ్లం. ఆయన మజ్జిగ తాగి లేచాకే మేమంతా లేచేది. ఋగ్వేదంలో కూడా ఒంటరిగా తినేవాడు ఒంటరిగా పాపాన్నే తింటాడని ఉంది.

వెంకటాచలం వాసి

మాస్టారూ, పెన్నగట్టూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. అన్నం పరబ్రహ్మమే, కాదనను. కానీ స్నేహితుల ఆదివారం విందునీ, దేవుడి ప్రసాదాన్నీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. నేను గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో సేవకి వెళ్తుంటా. అక్కడ అన్నదానం హాల్లో కూర్చున్నవాడు నాకు ఇది వద్దు, అది కావాలి అనడు. ఏది పెడితే అది కళ్లకద్దుకుని తింటాడు. కారులో వచ్చినవాడి పక్కన చెప్పుల్లేకుండా నడిచొచ్చినవాడు కూర్చుంటాడు. అక్కడ ‘నేను’ అన్నదే ఉండదు. స్నేహితుల దగ్గర ఉండేది ఇష్టం, సరదా. రెండూ మంచివే, కానీ రెండూ ఒకటి కాదు.

కావలి పిల్ల

మాస్టారూ, చిన్న మాట. ఒంటరిగా తినేవాళ్లంతా పాపం తింటున్నట్టా? నాకు తోడు లేక ఒక్కదాన్నే తింటున్నా. అది చదవగానే మనసు చివుక్కుమంది.

కనిగిరి మాస్టారు

లేదమ్మా తల్లీ. ఆ మాట చెప్పింది ఆకలితో వచ్చినవాణ్ణి గుమ్మంలో పెట్టుకుని తన గాదె తాను దాచుకునేవాడి గురించి. ఆ సూక్తమంతా దానం గురించే. పరాయి ఊళ్లో ఒంటరిగా అన్నం తింటున్న బిడ్డ గురించి కాదు. నీ పక్క గదిలో ఇంకో పిల్ల కూడా మంచం మీద ఒక్కతే తింటూ ఉండొచ్చు. ఒకసారి తలుపు తట్టి చూడు.

పెన్నగట్టు

వెంకటాచలం అన్నా, నువ్వు కాదంటూనే నాకు కావాల్సిన జవాబు చెప్పావు. ప్రసాదం దగ్గర మనం ఎంచుకోం, పెట్టింది తింటాం. స్నేహితుడి ఇంట్లోనూ అంతే కదా? అక్కడ మెనూ కార్డు లేదు. వాడు ఏది వండితే అది. కారం ఎక్కువైనా, ఉప్పు తగ్గినా, వాడు పొద్దున్నుంచి మన కోసం నిలబడి చేశాడని తెలుసు కాబట్టి రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంటాం. హోటల్లో నేను కూర్చున్న వెంటనే చేసే పని నాకేం కావాలో ఆలోచించుకోవడం. ఇంట్లో ఆ ఆలోచనే రాదు. ‘నేను’ అన్నది అక్కడ తగ్గుతోందని నీకు గొలగమూడిలో అనిపిస్తే, నాకు మావాడి హాల్లో అనిపించింది.

దర్గామిట్ట భాయ్ (నెల్లూరు)

సలాం అందరికీ. నెల్లూరులో కూర్చుని ఈ మాట మాట్లాడుకుంటూ రొట్టెల పండుగ ఊసెత్తకపోతే ఎలా? మా ఇల్లు బారాషహీద్ దర్గాకి నడిచిపోయేంత దూరం. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు చూడాలి. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, తలమీద కొంగు కప్పుకుని, ఆడవాళ్లు విద్యారొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని పిలుస్తుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. తీరాక మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. దర్గాలో ఉన్నది పన్నెండుమంది షహీదులు, నీళ్లలో నిలబడ్డవాళ్లలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. ఇచ్చేవాళ్ల మతం తీసుకునేవాళ్లు అడగరు. ప్రభుత్వం రాష్ట్ర పండుగ అని తర్వాత ప్రకటించింది, జనానికి అది ఎప్పటినుంచో పండుగే.

ఒక ఏడాది ఒకావిడ ఉద్యోగం రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఒక కుర్రాడు సిగ్గుపడి దూరంగా ఆగిపోయాడు. ఆవిడే నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి, రొట్టె తుంచి, నాయనా నోరు తెరువు అంది. పరాయి తల్లి చేతి ముక్క వాడు తిన్నాడు. వాడికి కళ్లనీళ్లొచ్చాయి, ఆవిడకీ వచ్చాయి.

రంజాన్‌లో మా మసీదులోనూ అంతే. దస్తర్‌ఖాన్ పరిచాక ఒక పళ్లెం చుట్టూ నలుగురం కూర్చుంటాం. రోజంతా ఆకలిగా ఉన్నా అజాన్ వినిపించేదాకా ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చోవాలి. పక్కనున్నది కోటీశ్వరుడైనా, మేస్త్రీ అయినా అదే ఖర్జూరం, అదే నిమిషం. మాస్టారు చెప్పిన పంక్తి మర్యాదకీ దీనికీ నాకు తేడా కనపడలేదు.

శారద (ఒంగోలు)

అందరూ చాలా బాగా రాశారు. నేను ఒకటి అడుగుతా, ఎవరూ నొచ్చుకోవద్దు. ఆ పట్టా మీద మీరంతా కూర్చున్నప్పుడు వంటింట్లో ఎవరున్నారు?

ముప్పై ఏళ్లుగా మా ఇంటికి మావారి స్నేహితులు వస్తున్నారు. మంచివాళ్లే, నన్ను వదినా అని నోరారా పిలుస్తారు. అన్నం అద్భుతంగా ఉంది వదినా అంటారు. వాళ్లు లేచి చేతులు కడుక్కుని పాన్ వేసుకుంటున్నప్పుడు నేను గిన్నె అడుగున ఉన్నది పెట్టుకుని స్టవ్ పక్కన నిలబడి తింటా. వాళ్లకి కలిగిన ఆ దైవభావం నాకెప్పుడూ కలగలేదు, నడుం నొప్పి కలిగింది. హోటల్‌కి పోదాం అన్నప్పుడు నాలాంటివాళ్లకి ఎంత హాయిగా ఉంటుందో తెలుసా? అక్కడ నేను కూడా కూర్చుని వేడివేడిగా తింటా.

ప్రేమగా పెట్టడం పవిత్రం అన్నారు. పెట్టేవాళ్లకి పంక్తిలో చోటు ఉండాలి కదా.

చీమకుర్తి రాయి

శారదక్కా, సరిగ్గా అడిగారు. మా సంగతి చెప్తా. నేను గెలాక్సీ గ్రానైట్ క్వారీలో పనిచేస్తా. మా షెడ్డులో ఒడిశా వాళ్లున్నారు, రాజస్థాన్ వాళ్లున్నారు, నేనూ ఇంకొకడూ ఇక్కడోళ్లం. ఆడమనిషి లేదు. అందరం వంతులవారీగా వండాల్సిందే, వండినవాడు ఆ పూట గిన్నెలు ముట్టుకోడు, అది రూలు. రాజస్థానీ అబ్బాయి రొట్టెలు బాగా చేస్తాడు, ఒడిశా వాళ్లకి అన్నం లేకపోతే తిన్నట్టుండదు. అందుకని రెండూ ఉంటాయి. నా వంతు వచ్చినప్పుడు గోంగూర పచ్చడి నూరితే మొదట్లో వాళ్లు కళ్లు తుడుచుకుంటూ తిన్నారు. ఇప్పుడు ఊరికి పోయేటప్పుడు డబ్బాలో పెట్టించుకుని పోతున్నారు.

కుక్కర్ మూత తీయగానే చేసే మొదటి పని, నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాడి వాటా తీసి పక్కన మూతపెట్టడం. మాకు ఎంత ఆకలేసినా, అన్నం తక్కువైనా, ముందు వాడిది తీయాలి. ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు. దుమ్ము కొట్టుకుపోయి తెల్లారుజామున వచ్చినవాడు చీకట్లో తడుముకుంటే గిన్నె దొరకాలి. నాకు గుడికి పోయే తీరిక తక్కువ. ఆ గిన్నె మీద మూతపెట్టేటప్పుడు మాత్రం దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది.

సంగటిముద్ద (మార్కాపురం)

ఇంతదాకా వచ్చింది కాబట్టి నేను కూడా దాచుకోను. మా తాత ఊళ్లో పెళ్లిళ్లకి పనిచేసేవాడు. పందిరి వేసేవాడు, కట్టెలు కొట్టేవాడు. పంక్తిలో మాత్రం కూర్చోలేదు. అందరి భోజనాలు అయ్యాక దొడ్డివైపు నిలబెట్టి ఆకులో పెట్టేవాళ్లు. హోటల్లో వేరే గ్లాసు మా నాన్న చూశాడు. కారంచేడు అప్పుడు ప్రకాశం జిల్లానే. 1985 జులై 17న అక్కడ మా దళితులను ఆరుగురిని చంపేశారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర.

కాబట్టి పంక్తి పవిత్రం అనే మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది పంక్తి బయట నిలబడ్డవాళ్లు. కార్తీకమాసం వస్తే ఉసిరిచెట్టు కింద వనభోజనాలంటారు. ఇప్పుడు మన జిల్లాల్లో ఏ కులం వనభోజనం ఆ కులానిదే, బ్యానర్లు కట్టి మరీ. చెట్టు కింద కూర్చుని కూడా గోడలు కట్టుకుంటే ఎట్లా?

మా పక్కనే పల్నాడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టాడు. అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం. ఆ రోజుల్లో అంతకన్నా పెద్ద పూజ ఏముంటుంది? అది కథగా చెప్పుకుంటున్నాం, చాప మాత్రం చుట్టి అటకమీద పెట్టాం.

నాకూ పెన్నగట్టు అన్నకి కలిగినట్టే ఒకసారి కలిగింది. నా స్నేహితుడు, వేరే కులం, వాళ్ల నాయనమ్మ చాలా నిష్ఠగల మనిషి. వాళ్లింటికి వెళ్తే నన్ను వరండాలో కూర్చోబెడతారనే అనుకున్నా. ఆవిడ నన్ను వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. రాగిసంగటి ముద్ద పళ్లెంలో పెట్టి, నడిమధ్య వేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోసింది. తర్వాత తనూ అదే గిన్నెలోంచి పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తినింది. ఆవిడ నాకు ఒక్క పెద్దమాట చెప్పలేదు. మా నాన్నకి ఈ సంగతి చెప్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

కనిగిరి మాస్టారు

నాయనా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పొద్దున నేను విదురుడి కథ చెప్పాను. అందులో ఒక సంగతి నీ మాటతోనే నాకు బరువుగా తోచింది. విదురుడు దాసీపుత్రుడు. ధృతరాష్ట్రుడికి, పాండురాజుకు తమ్ముడే అయినా సింహాసనానికి పనికిరాడన్నారు. భీష్మద్రోణుల ఇళ్లన్నీ ఉండగా కృష్ణుడు ఆ ఇంటినే ఎంచుకున్నాడు. బడిలో ఎన్నో ఏళ్లు ఆ ఘట్టం ప్రేమ గురించే అని చెప్పాను. ఎవరి ఇంట్లో తిన్నాడన్నది కూడా అంతే ముఖ్యం.

గుండ్లకమ్మ తీరం

సంగటిముద్ద తమ్ముడూ, మా కుటుంబం కథా నీ కథలాంటిదే. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో మా పెద్దలు బకింగ్‌హామ్ కాలువ తవ్వకానికి పోయారు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొరగారు కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని, కూలి ఇచ్చారు. కరువు తగ్గాక, 1878 జులైలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తవ్వ అత్తగారు వాళ్లలో ఉందని ఇంట్లో చెప్పుకుంటారు. కడుపు నింపుకోవడానికి మతం మారారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మా నాయనమ్మ దానికి ఒకటే చెప్పేది: అన్నం చాలాచోట్ల పెట్టారు, పక్కన కూర్చోబెట్టుకుంది అక్కడే.

మా చర్చిలో ప్రేమవిందు ఉంటుంది. ఆరాధన అయ్యాక అందరం అక్కడే కూర్చుని తింటాం. ఆరాధనలో యేసు చివరి విందు గుర్తుగా తీసుకునే ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క చిన్నది, నోట్లో వేసుకుంటే అయిపోతుంది. ప్రేమవిందులో సాంబారు గుండిగ పెద్దది. యేసు ప్రభువు కూడా చివరి రాత్రి స్నేహితులతో కలిసి తినడానికే కూర్చున్నాడు కదా, అందుకని నాకు ఆ రెండూ వేరువేరుగా తోచవు. శారదక్క అడిగినదానికి మా దగ్గర పద్ధతి: వండేది యూత్ అబ్బాయిలు, వడ్డించేది సంఘపెద్దలు. పాస్టరు గారు బకెట్ పట్టుకుని వరుసలో తిరుగుతారు. ఆడవాళ్లు ముందు పంక్తిలో కూర్చుంటారు.

శారద

ఆడవాళ్లు ముందు పంక్తిలో! ఇది మావారికి చదివి వినిపించా.

పడుగుపాడు

వరద సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. 2021 నవంబరులో పెన్నకి వచ్చిన వరదకి మా దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రోడ్డు మీద లారీలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. మా వీధిలోకీ నీళ్లొచ్చి ఉన్నాయి. అయినా మెరకమీద ఉన్న ఇంటి మిద్దెపైన పొయ్యి పెట్టి, ఎవరి ఇంట్లో తడవకుండా మిగిలిన బియ్యం వాళ్లు తెచ్చి, పులిహోర కలిపాం. దానికి పోపు సామాన్లు ఒకరివి, నూనె ఒకరిది. ఎవరు ఎంత తెచ్చారో అప్పుడూ లెక్క లేదు, ఇప్పుడూ తెలియదు. డ్రైవర్లు మిద్దె మీదకొచ్చి మాతోపాటే తిన్నారు. అందులో ఒక తమిళాయన ఇప్పటికీ లోడుతో ఇటు వెళ్తే ఆగి, మా ఇంట్లో తినిపోతాడు. వచ్చేటప్పుడు అరటిపళ్లు తెస్తాడు.

వెంకటాచలం వాసి

పడుగుపాడు అన్నా, ఆ మిద్దె మీద నేను ఉండి ఉంటే అది ప్రసాదం కాదని అనలేకపోయేవాణ్ణి. పెన్నగట్టుతో ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ నాది వేరే మాట. తినబోయే ముందు ఒక్క క్షణం ఆగి ఆ అన్నం ఇచ్చినవాణ్ణి తలుచుకోవాలి. మనసులోనైనా సరే. అది లేకపోతే ఎంత ప్రేమైనా మనుషుల మధ్యనే ఆగిపోతుందని నా నమ్మకం.

ఇంకో సంగతి. నేను మాంసం, చేపలు తినను. నాలాంటివాణ్ణి పిలిస్తే మీ పట్టా మీద చోటుందా?

పెన్నగట్టు

ఎందుకుండదు అన్నా? మా బ్యాచ్‌లో ఇద్దరు తినరు. వాళ్లకి ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, పెరుగు వేరే పొయ్యి మీద, వేరే గరిటెలతో. వరసలో మధ్యలోనే కూర్చుంటారు, చివర్లో కాదు. తినేముందు నువ్వు దేవుణ్ణి తలుచుకున్నంతసేపూ మేమంతా ఆగుతాం. మాస్టారు చెప్పిన మర్యాద కూడా అదే కదా.

ఈ చర్చ మా గ్రూప్‌లో పెట్టా. పొద్దున్నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. వచ్చే ఆదివారం మా ఇంట్లోనే. పులుసు నేను కాస్తా, అన్నం వార్చే పని ఇంకొకడు తీసుకున్నాడు. గిన్నెలు కడగడానికి మగవాళ్ల పేర్లే చీటీలు వేస్తున్నాం శారదక్కా, మొదటి పంక్తి మా ఇంటి ఆడవాళ్లది. మీరూ అన్నగారూ ఒంగోలు నుంచి పొద్దున రైలెక్కితే భోజనం వేళకి దిగిపోతారు.

కావలి పిల్ల

పక్క గది తలుపు కొట్టా మాస్టారూ. ఆ అమ్మాయిది గుంటూరు. రేపు రాత్రి ఇద్దరం కలిసి పప్పుచారు పెట్టుకుంటున్నాం, చింతపండు తన దగ్గరుంది. అన్నా, ఆదివారం నేను రాలేను. ఈసారి పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఒక పూట పెట్టుకోండి.

దర్గామిట్ట భాయ్

పెన్నగట్టూ, నేను వస్తున్నా. అరిటాకులు స్టోన్‌హౌస్‌పేటలో నేను తీసుకుంటా, నువ్వు ఆ పని పెట్టుకోవద్దు. ఎంతమందిమో శనివారం సాయంత్రంలోగా చెప్పు, వాటితోపాటు నిమ్మకాయలు కూడా తెస్తా.